కారు లిఫ్టు మోటార్ ఫ్యూజులు కొట్టేస్తోందా? వైండింగ్ షాపుకు మోసే ముందు ఇవి చూడండి

సర్వీసింగ్ షెడ్డులో ఉన్న ఒక్క లిఫ్టూ ఆగిపోతే ఆ రోజు బేరం సగం పోయినట్టే. అందుకే ఫ్యూజు పోగానే చేతికందిన తీగ కట్టేసి మళ్లీ బటన్ నొక్కుతారు. రెండోసారీ పోతే ఇంకాస్త లావు తీగ. మూడోసారి పోతే “మోటార్ కాలింది” అని తేల్చేసి, విప్పి, ఆటోలో వేసుకుని వైండింగ్ షాపుకు బయల్దేరతారు. తీరా చూస్తే మోటార్ బాగానే ఉంటుంది, జబ్బు ఇంకెక్కడో ఉంటుంది.

కింది చిట్కాలు మన దగ్గర చిన్న షెడ్లలో ఎక్కువగా కనిపించే రెండు స్తంభాల హైడ్రాలిక్ లిఫ్టుకు, దానిమీద ఉండే 3 హెచ్‌పీ (2.2 కిలోవాట్ల) మోటార్‌కు రాసినవి. స్క్రూ లిఫ్టులకూ కరెంటు సంగతులు చాలావరకు ఇవే. మూత తీసి మీటర్ పెట్టే పని మాత్రం లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ది. చూడడం, వినడం, వాసన పట్టడం మీ పని.

1. కారు గాల్లో ఉండగా ఫ్యూజు పోతే ముందు కారు సంగతి చూడండి, మోటార్ సంగతి తర్వాత. కింద ఎవరూ ఉండకూడదు. పానా తీసుకోవడానికి కూడా ఎవరినీ దూరనివ్వొద్దు. రెండు స్తంభాల్లోనూ సేఫ్టీ లాకులు పడ్డాయో లేదో చూడండి. కరెంటు లేకపోయినా దించడానికి చాలా పవర్ ప్యాకులకు చేత్తో తిప్పే వాల్వు ఉంటుంది. అయితే బరువు లాకుల మీద కూర్చుని ఉంటే, ముందు కాస్త పైకి లేపితే గానీ లాకు వదలదు. కొన్నింటికి దానికోసం చేతి పంపు ఇస్తారు. అది లేకపోతే లిఫ్టు టెక్నీషియన్‌ను పిలవండి. రాడ్డు పెట్టి లాకును తన్నడం వద్దు. ఒకవైపు వదిలి రెండోవైపు పట్టుకుంటే కారు ఒరిగిపోతుంది.

2. మెయిన్ ఆఫ్ చేసి, ఫ్యూజు కిట్‌క్యాట్ ఊడదీసి మీ జేబులో వేసుకోండి. షెడ్డులో నలుగురు తిరుగుతుంటారు. ఎవరో ఒకరు “కరెంటు పోయిందేమో” అనుకుని మెయిన్ ఎత్తేస్తారు. కరెంటు లేదని నిర్ధారించుకోవడానికి టెస్టర్ వెలగకపోవడం ఒక్కటే చాలదు. టెస్ట్ ల్యాంపు ముందు పనిచేస్తున్న పాయింటులో వెలిగిందో లేదో చూసి, ఆ తర్వాత ఇక్కడ పెట్టాలి.

3. కాలిన ఫ్యూజును పారేయకండి. వెలుతురులోకి తెచ్చి చూడండి. తీగ మధ్యలో తెగి, తెగిన కొసల్లో చిన్న పూసలా కరిగి, పింగాణీ తెల్లగానే ఉంటే మోటార్ మెల్లగా ఎక్కువ కరెంటు లాగిందన్నమాట. అంటే లోడు, వోల్టేజీ లేదా స్టార్టింగ్ లోపం. తీగ ఆనవాలే లేకుండా పోయి, పింగాణీ నల్లబడి, రాగి తుంపరలు అద్దంలా అంటుకుని ఉంటే అది షార్టే. దాన్ని తేల్చకుండా ఇంకో ఫ్యూజు వేయడం దండగ, పైగా ప్రమాదం. మూడో రకం చాలామంది కంట పడదు. తీగ సరిగ్గా స్క్రూ దగ్గరే తెగి ఉంటుంది, ఆ స్క్రూ రంగు మారి ఉంటుంది. స్క్రూ వదులుగా ఉండి అక్కడ వేడెక్కి తెగింది, లేదా బిగించేటప్పుడే తీగ నలిగింది. ఆ రకానికి మోటార్‌తో సంబంధమే లేదు. కిట్‌క్యాట్ కాంటాక్టులను గరుకు కాగితంతో శుభ్రం చేసి, అవి వదులైపోతే బేసుతో సహా మార్చితే సరి. వందల్లో పోయే పనికి వేలు పోసి వైండింగ్ చేయించేది ఇక్కడే.

4. ఎప్పుడు పోయిందో గుర్తు తెచ్చుకోండి. మీటర్ కన్నా ముందు జబ్బు చెప్పేది ఈ ఒక్క సంగతే, ఎలక్ట్రీషియన్ కూడా మొదట అడిగేది ఇదే. బటన్ నొక్కిన మరుక్షణం టప్పున పోతే షార్టు: కేబుల్లోనో, టెర్మినల్ బాక్సులోనో, వైండింగులోనో. మోటార్ “మ్‌మ్‌” అని మూలిగి, రెండు మూడు సెకన్లకు పోతే స్టార్టింగ్ లోపం: కండెన్సర్, ఒక ఫేజు లేకపోవడం, తక్కువ వోల్టేజీ. ఖాళీ లిఫ్టు బాగానే లేచి కారు ఎక్కించాక పోతే లోడు. కింద నుంచి చక్కగా లేచి, సగంలో ఆపి మళ్లీ లేపబోతే పోతుంటే స్టార్టింగ్ బలం చాలడం లేదు. పూర్తిగా పైకి వెళ్లాక పోతే లిమిట్ స్విచ్చి. దించే బటన్ నొక్కినప్పుడు పోతే సోలినాయిడ్ కాయిల్. వాన పడిన మర్నాడు, లేదా పక్కన వాటర్ సర్వీసింగ్ జరిగాక పోతే తడి.

5. లావు తీగ కట్టొద్దు. ఇది అందరికీ తెలుసు, అందరూ కడతారు. కేబుల్ పోగులు రెండు మూడు మెలిపెట్టి కడితే అది ఎన్ని ఆంపియర్లకు కరుగుతుందో కట్టినవాడికే తెలియదు. షాపులో దొరికే తగరపు పూత రాగి ఫ్యూజు తీగలో 0.2 మిల్లీమీటర్లది 5 ఆంపియర్లకు, 0.35 అయితే 10కి, 0.5 అయితే 15కి, 0.6 అయితే 20కి. మీ లిఫ్టు పుస్తకంలో ఎంత రాసి ఉంటే అంతే కట్టండి.

అలాగని మరీ సన్నగా కట్టినా తంటాయే. 3 హెచ్‌పీ మోటార్ మూడు ఫేజుల మీద దాదాపు 5 ఆంపియర్లు, సింగిల్ ఫేజు మీద 14 నుంచి 16 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది. కానీ లేచే క్షణంలో దానికి ఆరేడు రెట్లు లాగుతుంది. 5 ఆంపియర్ల మోటార్ కదా అని 5 ఆంపియర్ల తీగే కడితే ఏ లోపమూ లేకుండానే రోజూ ఫ్యూజు పోతుంది. ఫ్యూజు పని షార్టును ఆపడం. మోటార్‌ను అధిక లోడు నుంచి కాపాడేది స్టార్టర్‌లోని ఓవర్‌లోడ్ రిలే. దాని ముల్లు మోటార్ ప్లేటు మీద రాసిన ఆంపియర్ల దగ్గరే ఉండాలి. ట్రిప్ అవుతోందని ఆ ముల్లును చివరికంటా తిప్పేసినవారు మోటార్‌ను తామే కాల్చుకుంటున్నారు.

6. ఫ్యూజు బదులు ఎంసీబీ ఉంటే దానిమీద ఆంపియర్ల ముందున్న అక్షరం చూడండి. ‘బి’ రకం మూడు నుంచి ఐదు రెట్ల కరెంటుకే పడిపోతుంది. అది ఇంటి లైట్లకు. ‘సి’ రకం ఐదు నుంచి పది రెట్లకు, ‘డి’ రకం పది నుంచి ఇరవై రెట్లకు. ‘బి 16’ పెట్టుకుని సింగిల్ ఫేజు 3 హెచ్‌పీ మోటార్ లేవాలంటే లేవదు. లేచే క్షణంలో అది 80, 90 ఆంపియర్లు లాగుతుంది, ఎంసీబీ 48 దాటితే ఎప్పుడైనా పడిపోవచ్చు. అక్షరం మారిస్తే తీరిపోయే జబ్బు ఇది. ఏ రకం పెట్టాలో మీ కేబుల్ సైజు కూడా చూసి ఎలక్ట్రీషియన్ చెప్పాలి.

7. వోల్టేజీని మీటరు బోర్డు దగ్గర కాదు, మోటార్ దగ్గర కొలిపించండి. అదీ మోటార్ లేస్తున్న క్షణంలో. షెడ్డు ముందున్న మీటర్ నుంచి వెనకున్న లిఫ్టుకు 30 మీటర్ల దూరం ఉందనుకుందాం. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ లాగితే, పోను రాను 60 మీటర్లకు నిరోధం 0.7 ఓములు దాటుతుంది. 15 ఆంపియర్లు నడుస్తున్నప్పుడు పోయేది 11 వోల్టులే, ఎవరికీ తెలియదు. లేచేటప్పుడు 80 ఆంపియర్లకు 55 వోల్టుల పైన దారిలోనే పోతాయి. బోర్డు దగ్గర 230 చూపిస్తుంటే మోటార్‌కు అందేది 170. అదే దూరానికి 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే నష్టం 22 వోల్టుల దగ్గర ఆగుతుంది.

వోల్టేజీ తగ్గితే కరెంటూ తగ్గి ఫ్యూజు నిలుస్తుందని కొందరి లెక్క. మోటార్ విషయంలో అది తల్లకిందులు. స్టార్టింగ్ బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. 10 శాతం వోల్టేజీ పోతే బలం 19 శాతం పోతుంది. మోటార్ వేగం అందుకోలేక, స్టార్టింగ్ కరెంటును లాగుతూనే ఉండిపోతుంది. ఫ్యూజు పోయేది అందుకే. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీదా, చిన్న జనరేటర్ మీదా లిఫ్టు నడిపేవారికి వచ్చే తిప్పలన్నీ ఇవే.

మన దగ్గర సరఫరా 230కి ఆరు శాతం అటూ ఇటూ ఉండాలి. అంటే సుమారు 216 నుంచి 244. ఎండాకాలం సాయంత్రాలు బోర్డు దగ్గరే అంతకన్నా తక్కువ కనిపిస్తుంటే లోపం మీ షెడ్డులో లేదు. 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి. లిఫ్టు కొత్తగా పెట్టినప్పుడు కనెక్షన్ లోడు పెంచుకున్నారో లేదో కూడా ఓసారి బిల్లు చూసుకోండి.

8. మూడు ఫేజుల మోటార్‌కు ఒక్క ఫ్యూజే పదే పదే పోతుంటే ఆ ఫేజునే వెతకండి. ఒక ఫేజు పోయాక కూడా తిరుగుతున్న మోటార్ ఆగదు. మిగతా రెండు ఫేజుల మీద దాదాపు 1.7 రెట్లు కరెంటు లాగుతూ, గొంతు మారి మూలుగుతూ తిరుగుతుంది. ఆపి మళ్లీ వేస్తే మాత్రం లేవదు. ఆ మూలుగు విన్న వెంటనే చెయ్యి తీసేయాలి. “ఇంకొక్కసారి” అని పట్టి ఉంచితే వైండింగ్ పోతుంది. సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ పెట్టించుకోవడం వైండింగ్ ఖర్చుతో పోలిస్తే చాలా చవక. బోరు మోటార్లకు రైతులు పెట్టుకుంటున్న పరికరం, లక్షల ఖరీదు చేసే లిఫ్టుకు పెట్టకపోవడం నాకెప్పుడూ వింతే.

9. సింగిల్ ఫేజు మోటారైతే మొదట కండెన్సర్‌నే అనుమానించండి. పైభాగం ఉబ్బి ఉన్నా, అడుగున జిడ్డు కారినా, కాలిన వాసన వచ్చినా మార్చేయండి. మోటార్‌కు రెండు కండెన్సర్లుంటే ఒకటి లేచేటప్పటికి, ఇంకొకటి నడిచేటప్పటికి. వాటిని అటూ ఇటూ మార్చకూడదు. కొత్తది కొనేటప్పుడు పాతదాని మీది మైక్రోఫారడ్లు, వోల్టులు రెండూ చూసి కొనండి. కండెన్సర్ కొత్తదైనా మోటార్ మూలుగుతుంటే లోపలి సెంట్రిఫ్యూగల్ స్విచ్చి చూడాలి. వేగం అందుకోగానే అది టక్‌మని విడిపోవాలి. దుమ్ము పట్టి అతుక్కుపోతే స్టార్టింగ్ వైండింగ్ లైన్లోనే ఉండిపోయి ఫ్యూజును తీసుకుపోతుంది. మెయిన్ తీసేసినా కండెన్సర్‌లో కరెంటు నిలవ ఉంటుంది. టెర్మినల్స్ ముట్టుకునే ముందు ఎలక్ట్రీషియన్ దాన్ని డిశ్చార్జి చేయాలి.

10. స్టార్టర్ డబ్బా మూత తీయించి లోపలికి చూడండి. చీమలు, బొద్దింకలు, బల్లి. నవ్వుకోకండి. కాంటాక్టర్ మధ్యలో ఇరుక్కుని మాడిన బల్లి కారణంగా ఫ్యూజులు పోవడం ఎలక్ట్రీషియన్లకు కొత్తేమీ కాదు. ఎలుక కొరికిన కేబుల్ కూడా అంతే. కాంటాక్టర్ ముఖాలు గుంటలు పడి నల్లబడితే మార్చాలి, ఆకురాయితో అరగదీసి సర్దుకోవద్దు. కేబుళ్లు లోపలికి వెళ్లే కన్నాలకు గ్లాండ్లు బిగించితే సగం జీవరాశి లోపలికి రాదు.

11. వాటర్ సర్వీసింగ్ గన్ను లిఫ్టు స్తంభం వైపు తిప్పొద్దు. మోటార్ టెర్మినల్ బాక్సు మూతకున్న రబ్బరు ఎండిపోయి ఉంటుంది, ఆ ఒత్తిడికి నీళ్లు లోపలికి పోతాయి. తడిసిందని అనుమానం వస్తే ఆరేదాకా నడపొద్దు. తర్వాత తీగలు విప్పించి 500 వోల్టుల మెగ్గర్‌తో వైండింగుకూ బాడీకీ మధ్య చూపించండి. 1 మెగాఓమ్ కన్నా తక్కువ చూపిస్తే ఆ మోటార్‌కు కరెంటు ఇవ్వకూడదు.

12. క్లాంప్ మీటర్‌తో మూడుసార్లు చూపించండి: ఖాళీగా, చిన్న కారుతో, పెద్ద కారుతో. మూడు ఫేజుల్లోనూ చూపించి ఆ అంకెలు స్తంభం మీద మార్కర్‌తో రాసి పెట్టండి. ఆరు నెలల తర్వాత గొడవ వచ్చినప్పుడు ఆ రాతే డాక్టరు చీటీ. ఖాళీ లిఫ్టుకే ప్లేటు మీది ఆంపియర్లు దాటితే మోటార్ బేరింగులో, పంపులో బిగుతు ఉంది.

13. ఆయిల్ చూడండి. కాలిపోయి నల్లబడినా, నీళ్లు కలిసి తెల్లబడినా, పుస్తకంలో చెప్పిన గ్రేడు కాకుండా చిక్కటిది పోసినా పంపు బరువెక్కుతుంది. చలికాలం పొద్దున మొదటిసారి లేపేటప్పుడు మాత్రమే ఫ్యూజు పోతుంటే చాలావరకు ఆయిలే కారణం. స్క్రూ లిఫ్టుకైతే స్క్రూ ఎండిపోయిందేమో చూసి గ్రీజు పెట్టండి.

రిలీఫ్ వాల్వు ముట్టుకోవద్దు. పెద్ద బండి లేవడం లేదని దాన్ని బిగించేవాళ్లుంటారు. అప్పుడు బండి లేస్తుంది, దాంతోపాటు పంపు ఒత్తిడీ, మోటార్ కరెంటూ లేస్తాయి. కంపెనీ సీలు వేసిన చోట స్పానర్ పెట్టడమంటే కింద పనిచేసే కుర్రాడి ప్రాణంతో ఆడుకోవడమే. ఈమధ్య షెడ్లకు వస్తున్న ఎలక్ట్రిక్ కార్లు అదే సైజు పెట్రోలు కారు కన్నా బరువు. పాత చిన్న లిఫ్టు మీదికి ఎక్కించే ముందు కారు బరువూ, లిఫ్టు టన్నులూ సరిచూసుకోండి.

14. పైన ఆగాల్సిన చోట ఆగుతోందో లేదో చూడండి. లిమిట్ స్విచ్చి పనిచేయకపోతే లిఫ్టు చివరికి తగిలి, మోటార్ రిలీఫ్ వాల్వు మీద గరగరమంటూ ఫుల్ లోడుతో తిరుగుతుంది. శబ్దం మారినా బటన్ మీద వేలు తీయని కుర్రాళ్లకు ఈ సంగతి ఒకసారి చెప్పి ఉంచండి.

15. దించేటప్పుడే ఫ్యూజు పోతే మోటార్ జోలికి వెళ్లొద్దు. హైడ్రాలిక్ లిఫ్టులో అప్పుడు మోటార్ తిరగనే తిరగదు, కారు తన బరువుకే దిగుతుంది. పోయేది కంట్రోలు ఫ్యూజు, కారణం సోలినాయిడ్ కాయిల్. పిన్ను మురికితో ఇరుక్కున్నా కాయిల్ ఎక్కువ కరెంటు లాగి మాడుతుంది. కాయిల్ ఒక్కటే మార్చి పిన్ను శుభ్రం చేయకపోతే కొత్త కాయిలూ పోతుంది.

16. వైండింగ్ చేయించి తెచ్చిన తర్వాతే ఫ్యూజులు పోవడం మొదలైతే టెర్మినల్ బాక్సులో రేకులు ఎలా బిగించారో చూపించండి. 3 హెచ్‌పీ మూడు ఫేజుల మోటార్లు ఎక్కువగా స్టార్‌లో ఉంటాయి. ప్లేటు మీద స్టార్ గుర్తు ఉండి, షాపులో డెల్టా బిగిస్తే ఒక్కో వైండింగుకు 240 బదులు 415 వోల్టులు అందుతాయి. ఏ ఫ్యూజూ నిలవదు. మూడు వైండింగుల ఓములూ సమానంగా ఉండాలి, తేడా ఉంటే వెనక్కి పట్టుకెళ్లండి. మోటార్ తిరుగుతున్నా లిఫ్టు లేవకపోతే ఫేజులు తారుమారై పంపు వెనక్కి తిరుగుతోంది. నొక్కుతూ కూర్చోకుండా ఏవైనా రెండు ఫేజులు మార్పించండి.

17. విరామం ఇవ్వండి. లిఫ్టు మోటార్ నీళ్ల మోటార్‌లా గంటలు గంటలు తిరగడానికి చేసింది కాదు. నిమిషం తిరిగి కొన్ని నిమిషాలు ఆరాలి. ప్లేటు మీద ‘ఎస్3’ అని ఉంటే దాని అర్థం ఇదే.

18. లిఫ్టు స్తంభం ముట్టుకుంటే జిల్లుమంటే, ఫ్యూజు పోకపోయినా ఆ క్షణమే ఆపేయండి. ఫ్యూజు పోవాలంటే పదుల ఆంపియర్లు కావాలి, మనిషి ప్రాణానికి అందులో వెయ్యో వంతు చాలు. తడి నేల, ఇనుప స్తంభం, చెప్పుల్లేని కాళ్లు ఉండేచోట ఎర్తింగ్ లేకుండా, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకుండా లిఫ్టు నడపకూడదు. మీ షెడ్డులో అవి లేకపోతే ఫ్యూజు సంగతి రేపు చూసుకోవచ్చు. ఎలక్ట్రీషియన్‌ను ఇవాళే పిలిచి ముందు ఆ రెండూ పెట్టించండి.